నాలుగో గొట్టం

అక్క ఇంటికి వచ్చిన తమ్ముడు ముందుగా వంటింటి వైపు చూస్తాడు. రామేశ్వర్ మాత్రం ఆ జ్యేష్ఠమాసంలో హైదరాబాద్ బస్సు దిగి, సిద్దిపేటలో కన్యక ఇంటి మెట్లెక్కి, కాళ్లయినా కడుక్కోకుండా ఇంటి కప్పు వైపు చూశాడు. చూసి తృప్తిగా తల ఊపాడు. పదకొండేళ్ల స్లాబు, నాలుగంగుళాల మందం, మీద ఏ పూతా లేదు, తన చదువుకి ఇంతకంటే మంచిది దొరకదన్నాడు. మంచినీళ్ల గ్లాసు అందిస్తూ కన్యక, పోయిన నెల చూపించిన పిల్లను కూడా నువ్వింత ఇష్టంగా చూడలేదు కదరా అంది.

అతను ఎం.టెక్. చదువుతున్నాడు. కాంక్రీటుని పగలగొట్టకుండా, దాని లోపలి ఇనుము ఎలా ఉందో తెలుసుకోవడం అతని పని. అందుకోసం సంచిలో ఆరు గొట్టాలు తెచ్చాడు. బొటనవేలంత లావు ప్లాస్టిక్ గొట్టాలు. ఒక్కోదాంట్లో ఒక రాగి తీగ, దాని చుట్టూ నీలంగా మైలుతుత్తం నీళ్లు, అడుగున తడి మెల్లగా ఊరే చెక్క బిరడా. డాబా మీద ఆరు చోట్ల చిన్న చిన్న గుంటలు తొలిచి వాటిని నిలబెట్టి, చుట్టూ పూసి, నీలం మూతలు పెట్టాడు. మెట్ల దగ్గర కాస్త పెచ్చు కొట్టి, లోపలి సలాక కనిపించాక దానికొక తీగ కట్టాడు. తీగలన్నీ వెంటిలేటరులోంచి వంటింట్లోకి దించి, పోపుల డబ్బా పైన గోడకి ఒక చెక్కపలక కొట్టి, దానికి మరలతో బిగించాడు. సలాకకీ గొట్టంలోని రాగికీ మధ్య ఎన్ని మిల్లీవోల్టుల తేడా ఉందో ఒక చేతి మీటరు అంకెల్లో చూపిస్తుంది.

అక్క బీఎస్సీ కెమిస్ట్రీ కాబట్టి ఎక్కువ చెప్పక్కర్లేదని అరగంట చెప్పాడు. సారాంశం ఏమిటంటే, అంకె ముందు ఎప్పుడూ మైనస్ ఉంటుంది. రెండు వందల లోపు ఉంటే ఇనుము నిద్రపోతున్నట్టు. మూడు వందల యాభై దాటిందంటే దాన్ని తుప్పు తింటున్నట్టు. రోజూ మధ్యాహ్నం రెండింటికి చూసి రాసిపెట్టి, పదిహేను రోజులకొకసారి కార్డు ముక్క వెయ్యాలి. కన్యక డిగ్రీతో ఎవరికైనా పని పడడం పన్నెండేళ్లలో ఇదే మొదటిసారి. అప్పటిదాకా ఆ చదువు చీరల మీద నూనె మరకలకే ఉపయోగపడింది, అదీ సగం మరకలకే.

కన్యక భర్త హరికిషన్‌కి కింద ఇనుము, సిమెంటు దుకాణం, పైన ఇల్లు. బామ్మర్ది మాట కొట్టెయ్యలేక ఒప్పుకున్నాడు గానీ, బజారులోంచి చూస్తే ఏ గొట్టమూ కనిపించకూడదని షరతు పెట్టాడు. "సలాకలు మనయే, సిమెంటు మనదే. దీనికేం రోగమొస్తది?" అన్నాడు. అత్త రాధాబాయి మాత్రం ఇంటికి ఏమైనా నొప్పి కలుగుతుందా అని అడిగింది.

"దవాఖానల చెవులకు పెట్టుకొని సూస్తరు గద అత్తమ్మా, గసొంటిదే," అన్నాడు రామేశ్వర్.

ఆ మాట అని అతను బస్సెక్కి వెళ్లిపోయాడు. రాధాబాయి ఆనాటినుంచి ఆ చెక్కపలకకి వీపు పెట్టి కూర్చోవడం మానేసింది.

మధ్యాహ్నం రెండింటికి ఆ ఇల్లు వింతగా ఉంటుంది. హరికిషన్ భోజనం చేసి దుకాణానికి దిగిపోతాడు. తొమ్మిదేళ్ల కూతురు అనసూర్య బడిలో ఉంటుంది. రాధాబాయి తన గదిలో నడుం వాలుస్తుంది. కింద హమాలీలు సలాకలు దించే చప్పుడు తప్ప ఇంకేమీ వినపడదు. కన్యక చేతులు తుడుచుకుని, మీటరు తీగని ఒక్కో మరకి ఆనించేది. ఒకటి, రెండు, మూడు నిద్రపోతుండేవి. నూట యాభై, నూట ఎనభై, నూట అరవై. అయిదూ ఆరూ అంతే. నాలుగో దగ్గర మాత్రం అంకెలు వెంటనే నిలిచేవి కావు. కాసేపు దొర్లి దొర్లి, ఎవరో చూస్తున్నారని పసిగట్టినట్టు టక్కున ఆగేవి. మూడు వందల పది.

నాలుగో గొట్టం రాధాబాయి గది మీద ఉంది. ఆ గదిలో నాయనమ్మా మనవరాలూ పక్కపక్కన రెండు మంచాల మీద పడుకుంటారు.

జ్యేష్ఠ అమావాస్య మర్నాడు నాలుగోది నాలుగు వందల ఇరవై చూపించింది. వారం రోజుల్లో మూడు వందల డెబ్బైకి తగ్గింది గానీ, పాత చోటికి మళ్లీ రాలేదు. ఆషాఢ అమావాస్య మర్నాడు నాలుగు వందల నలభై. వాన పడితే ఆరు అంకెలూ కలిసి కదిలేవి, అందులో వింతేమీ లేదు, తడికి అట్లాగే ఉంటుందని రామేశ్వర్ చెప్పే ఉన్నాడు. అమావాస్యకి మాత్రం నాలుగోది ఒక్కటే కదిలేది. శ్రావణంలో కూడా అదే జరిగాక కన్యక తన కాయితం పక్కన క్యాలెండరు పెట్టి చూసింది. ఇనుముకి తిథులు తెలియడం ఆమె చదివిన ఏ పాఠంలోనూ లేదు. ఆ పక్షం కార్డులో తమ్ముడికి అంకెలే రాసింది, అమావాస్య సంగతి రాయలేదు. బీఎస్సీ పరువు ఒకటుంది కదా.

మేస్త్రీకి చూపించమని తమ్ముడు జవాబు రాశాక భర్తకి చెప్పింది. మూడు వందల యాభై దాటిందంటే లోపల తుప్పు పడుతున్నట్టేననీ, పిల్ల ఆ కప్పు కిందే పడుకుంటోందనీ, ఒకసారి మేస్త్రీకి చూపిద్దామనీ అంది. హరికిషన్ అన్నం కలుపుతూ విన్నాడు. ఇనుము అమ్మేవాడి ఇంట్లో నిచ్చెన వేసి మేస్త్రీ కప్పు కొడుతుంటే, రేపు తన దగ్గర సలాక ఎవడు కొంటాడని అడిగాడు. దీపావళి పోయాక చూద్దామన్నాడు. ఆదివారం దుకాణం మూశాక మాత్రం తనే స్టూలెక్కి, గది కప్పుకి పడిన సన్నని బీటలో రెండు తాపీల సిమెంటు మెత్తి దిగాడు. సిమెంటు అమ్మడం వేరు, పూయడం వేరు అని ఆ మచ్చ చూసిన ఎవరికైనా తెలిసేది.

అమావాస్యకి ఆ ఇంట్లో జరిగేది ఒకటే. దీపాలు పెట్టాక రాధాబాయి మనవరాలిని పీట మీద కూర్చోబెట్టి, పిడికెడు దొడ్డుప్పుతో దిష్టి తీస్తుంది. అనసూర్యకి ముందు ఇద్దరు పిల్లలు నిలవలేదు. మూడోసారి కన్యక కడుపుతో ఉన్నప్పటినుంచి రాధాబాయి ఒక్క అమావాస్య కూడా తప్పలేదు. ఉప్పు చెంబెడు నీళ్లలో వేసి, కరిగేదాకా తిప్పి, ఎవరి కాలూ పడని చోట పోసి వస్తుంది. ఆమె తిరిగి వచ్చి కాళ్లు కడుక్కునేదాకా ఇంట్లో ఎవరూ మాట్లాడకూడదు, ఆమె ఎటు వెళ్లిందో చూడకూడదు. పొద్దంతా లారీవాళ్ల మీద అరిచే హరికిషన్ కూడా ఆ కాసేపు గోడవైపు తిరిగి బుద్ధిగా కూర్చుంటాడు. ఆమె పెరటి మోరీలో పోస్తుందని కన్యక ఎప్పుడో అనుకుంది, ఆ తర్వాత మళ్లీ ఆలోచించలేదు.

భాద్రపద అమావాస్య, పెత్రమాస నాడు ఆలోచించింది. వాకిట్లో బతుకమ్మలు పేర్చి ఉన్నాయి, వీధి చివర ఆడవాళ్లు అప్పుడే పాట అందుకున్నారు. గదిలో అందరూ గోడవైపు తిరిగారు. కన్యక కూడా తిరిగింది, కానీ చెవులు తిప్పలేదు. అత్త అడుగులు పెరటివైపు పోలేదు. మెట్లెక్కుతున్నాయి. కన్యక లేచి, పట్టీలు చప్పుడు కాకుండా చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని, వెనకే పైకి వెళ్లింది.

డాబా మీద ఇంకా కాస్త వెలుతురు ఉంది. నీళ్ల ట్యాంకు వెనక మూలలో రాధాబాయి వంగి ఉంది. చెంబు వంచింది. నీళ్లు జారిన చోట, బూడిదరంగు కాంక్రీటు మధ్యలో, నీలం మూత ఒకటి మెరిసింది.

రాధాబాయి వెనక్కి తిరగలేదు. "వచ్చినవ్ గద. ఇగ దగ్గరికే రా," అంది.

"గీడనే వోస్తవా అత్తమ్మా?"

"మరేడ వొయ్యాలె? కింద దుకాణం, ముంగట బజారు, ఎనుక సందు. అడుగు వడని జాగ ఈ ఊర్ల ఏడున్నది? ట్యాంకెనుకకు ఎవ్వరు రారు."

"ఎప్పటి సంది?"

"పోరి నీ కడుపుల వడ్డప్పటి సంది." రాధాబాయి అరచేత్తో ఆ చోటు నిమిరింది. "సూడు, ఒక్క సుక్క నిలవదు. ఎంత వోసినా తాగుతది. మంచిల్లు."

నిజంగానే నిలవలేదు. కన్యక చూస్తుండగానే తడి లోపలికి ఇంకిపోయి, చుట్టూ తెల్లని ఉప్పు గీత ఒకటి మిగిలింది. దాని చుట్టూ ఇంకో పాత గీత, దాని చుట్టూ ఇంకోటి, కళ్లాపి చల్లి చుట్టలు చుట్టలుగా ముగ్గేసినట్టు. ఏడాదికి పన్నెండు అమావాస్యలు. పిల్లకి జ్వరం వస్తే ఒకటి, కొత్త గౌను వేస్తే ఒకటి, క్లాసులో ఫస్టు వస్తే రెండు. ఇన్నేళ్లుగా పిడికెడు పిడికెడు ఉప్పు నాలుగంగుళాల కాంక్రీటులోకి దిగి, సలాకల దగ్గర కూర్చుని, కింద మంచం మీద నిద్రపోతున్న పిల్ల వైపు చూస్తోంది. సముద్రపు ఊళ్లలో ఇళ్లు ఉప్పుగాలికి కూలతాయని రామేశ్వర్ చెప్పాడు. సముద్రం సిద్దిపేట డాబా మీదికి చెంబుతో ఎక్కుతుందని అతను కూడా ఊహించి ఉండడు.

ఉప్పులోని క్లోరైడే ఇనుముని తింటోందని చెబుదామని కన్యక నోరు తెరిచింది. ఆ మాటకి తెలుగు తట్టలేదు. తట్టిందే అనేసింది.

"అత్తమ్మా, నువ్వు తీసిన దిష్టంత ఏడికీ వోలే. అన్సూ మంచం మీది కప్పులనే ఉన్నది."

అందులో అబద్ధమేమీ లేదు. అయినా ఆ మాట విన్నాక రాధాబాయి ముఖం చూసి, అబద్ధమైనా చెప్పి ఉండాల్సిందనుకుంది కన్యక. ముసలామె చెంబు పట్టుకుని అలాగే కింద కూర్చుంది. వీధిలో పాట ఒక చుట్టు తిరిగి మళ్లీ మొదటికొచ్చేదాకా లేవలేదు.

ఆ రాత్రి బతుకమ్మకి వెళ్లేముందే రాధాబాయి మనవరాలి మంచం తనే లాక్కుంటూ కన్యక గదిలోకి చేర్చింది. ఇంత సులువుగా అయిపోయిందేమిటా అని కన్యక గర్వపడబోయింది. తీరా చూస్తే కదిలింది ఒక్క మంచమే. తన మంచాన్ని రాధాబాయి ఖాళీ అయిన చోటికి జరుపుకుంది. సరిగ్గా హరికిషన్ మెత్తిన మచ్చ కింద.

కన్యక బతిమాలింది. హాలులో పడుకోమంది, వంటింట్లో పడుకోమంది, ఆఖరికి దుకాణంలో సిమెంటు బస్తాల మీదైనా సరే అంది.

"నేను జరిగితె అది నా ఎనుక వస్తది," అంది రాధాబాయి నెమ్మదిగా. "నా చేతుల నుంచి తాగింది. నేను కిందున్నంత సేపు నన్నే సూస్తది. పోరి దిక్కు వోదు."

దీనికి బీఎస్సీలో జవాబు లేదు. కొడుకు కేకలేశాడు, ఆమె ఆ కేకలు అతని చిన్నప్పటినుంచీ వింటోంది.

ఉప్పు పోయడం మాత్రం ఆపేసింది. నాలుగోది అయినా ఆగలేదు. నాలుగు వందల తొంభై. అయిదు వందల పది. రోజూ పొద్దున రాధాబాయి దుప్పటి మీద బియ్యపు నూకంత ఇసుక రాలి ఉండేది, ఆమె చేత్తో తుడిచి ఎవరికీ చెప్పకుండా పారబోసేది. మధ్యాహ్నం నిద్ర కూడా మానేసింది. వెల్లకిలా పడుకుని, కళ్లు తెరిచి పైకి చూస్తుండేది. లోపల చిన్నగా చప్పుడవుతుందని కన్యకతో అంది. భయపడుతూ అనలేదు, పక్కింటివాళ్ల సంగతి చెప్పినట్టు అంది. అది పక్క మీద అటూ ఇటూ తిరుగుతోందట.

దసరా సెలవులయ్యాక, అనసూర్య మళ్లీ బడికి పోవడం మొదలుపెట్టిన నాలుగో రోజు, కన్యక మీటరు పెట్టింది. ఒకటి, రెండు, మూడు. నాలుగో దగ్గర అంకెలు దొర్లలేదు. తిన్నగా వచ్చి నిలబడ్డాయి. నూట తొంభై.

మర బిగించి చూసింది. మీటరు బ్యాటరీ మార్చి చూసింది. నూట తొంభై. మర్నాడు నూట ఎనభై అయిదు. ఆరు గొట్టాలూ ఒక్క తల్లి పిల్లల్లా ఉన్నాయి.

రాధాబాయి గుమ్మంలో నిలబడి, ఏమంటోందని అడిగింది. మంచిగైందట అని చెప్పింది కన్యక. ముసలామె ముఖంలో సంతోషం లేదు. నిన్నటినుంచి చప్పుడు కూడా లేదని చెప్పి, వెళ్లి మళ్లీ పడుకుంది.

దుకాణంలో ఫోనుంది గానీ దాని పక్కనే హరికిషన్ ఉంటాడు. కన్యక ఎండలో రెండు వీధులు నడిచి ఎస్టీడీ బూతుకి వెళ్లింది. హాస్టలు ఫోను దగ్గరికి రామేశ్వర్ రావడానికి చాలాసేపు పట్టింది. అంకె విని అతను రెండోసారి చెప్పించుకున్నాడు.

"ఎవరన్న మేస్త్రీ వచ్చిండా? ఏమన్న రిపేరు జేసిన్రా?"

లేదంది.

"కాంక్రీటు తనంతట తాను బాగుపడదక్కా. మొన్నటిదాక అయిదొందలున్నది ఒక్కనాడే ఎట్ల తగ్గుతది? లోపట పొర విడిపోయినట్టున్నది. నడుమ గాలి జేరింది. ఇప్పుడు గొట్టానికి కింది సలాక సంగతి అందుతలేదు. నువ్వు సూసేది పై పెచ్చునే." ఆ తర్వాత గొంతు మారింది. "ఆ రూముల ఎవ్వరు లేరు గద?"

కన్యక ఫోను పెట్టిందో లేదో ఆమెకే గుర్తులేదు. చెప్పుల్లో ఒకటి బూతు ముందే వదిలేసిందని తర్వాత తెలిసింది. మెట్లెక్కి గది గుమ్మంలోకి వచ్చేసరికి రాధాబాయి వెల్లకిలా పడుకుని ఉంది. దుప్పటి మీద నూక లేదు, నాణెమంత పెళ్లలున్నాయి. కప్పుకి హరికిషన్ మచ్చ చుట్టూ కొత్త బీట ఒకటి, తలుపంత వెడల్పున, నాలుగు వైపులా గీత గీసినట్టు కలుసుకుంది. ఆ మధ్య భాగమంతా కొంచెం కిందికి వచ్చింది. ఎవరో పైనుంచి ఒంగి చూస్తున్నట్టుగా ఉంది.

లేవమంది కన్యక. రాధాబాయి కదలలేదు. గదిలోకి వెళ్లి చెయ్యి పట్టి లాగుదామని ఒక అడుగు వేసింది. అడుగు పడగానే పైన ఇసుక జలజల రాలింది. కన్యక అడుగు వెనక్కి తీసుకుంది.

"నువ్వు వో, పిల్లా," అంది రాధాబాయి, పైకి చూస్తూనే. "అది నాతోటి మాట్లాడుడు బందువెట్టింది. అలిగింది. నేను లేస్తె పోరి దిక్కు వోతది."

కన్యకకి ఇక ఒకటే మాట మిగిలింది. ఆ ఇంట్లో ఎవరూ నోట పలకని మాట. అయినా అంది.

"అన్సూ బడిల పడ్డదట అత్తమ్మా. తలకు తాకిందట. మనిషొచ్చిండు."

అరవై రెండేళ్ల మనిషి అంత వేగంగా లేవగలదని కన్యక అనుకోలేదు. మంచం కోడు నేలకి కొట్టుకుంది. రాధాబాయి గుమ్మం దాటి, కన్యక భుజాన్ని రాసుకుంటూ హాలులోకి వచ్చి, ఇంకో రెండడుగులు వేసింది.

స్లాబు పడ్డ చప్పుడు స్లాబు పడ్డట్టు లేదు. లారీలోంచి పది బస్తాలు ఒకేసారి దొర్లించినట్టుంది. కింద హరికిషన్ కూడా అలాగే అనుకుని, మెల్లగ దించుండ్రి అని హమాలీలని కేకేశాడు. గదిలోంచి తెల్లటి పొగలాంటి దుమ్ము మెల్లగా, తొందరేమీ లేనట్టు బయటికి వచ్చి ఇద్దరినీ కప్పేసింది. దుమ్ము కాస్త తగ్గాక గదిలో మంచం కనబడలేదు. కప్పులో వేలాడుతున్న సలాకలు కనబడ్డాయి. ఎర్రగా, కొన్నిచోట్ల అగరొత్తి పుల్లంత సన్నగా అయిపోయి ఉన్నాయి.

రాధాబాయి వెనక్కి చూడలేదు. "పోరి?" అంది.

"అన్సూకేం కాలే. నువ్వు లేస్తలేవని అట్లన్న."

రాధాబాయి ఆమె వైపు తిరిగింది. దుమ్ములో కళ్లు మాత్రమే నల్లగా ఉన్నాయి.

"కన్నతల్లివి," అంది. "నోటితోటి అన్నవా?"

మెట్లు దిగింది. మెట్ల కింద ఎదురొచ్చిన కొడుకు అమ్మా అని పిలిచినా ఆగలేదు. బజారులోకి నడిచింది. కన్యక ఒక కాలికి చెప్పుతో, ఒక కాలికి లేకుండా, పదడుగుల వెనక నడిచింది. అత్త ఎక్కడికి వెళ్తోందో అడగక్కర్లేదు. మధ్యాహ్నపు ఎండలో బజారులో జుట్టు, రెప్పలు, చీరలు అన్నీ తెల్లగా ఇద్దరు ఆడవాళ్లు ఒకరి వెనక ఒకరు మాట్లాడకుండా పోతుంటే, బట్టల కొట్లో కొలుస్తున్నవాడు గజం కర్ర గాల్లోనే ఆపాడు. ఎవరూ పలకరించలేదు. ఒక ఆవు మాత్రం పక్కకి తప్పుకుంది.

బడి మూడు సందుల అవతల. నాలుగో తరగతి కిటికీ వీధివైపే ఉంటుంది. రాధాబాయి రెండు చేతులతో ఊచలు పట్టుకుని లోపలికి చూసింది. కన్యక వచ్చి పక్కన నిలబడింది. పంతులమ్మ బోర్డు మీద రాస్తోంది. ముందు ఒక పిల్ల కిటికీ వైపు చూసింది, తర్వాత ఆ వరుస, తర్వాత క్లాసంతా. పిల్లల గుసగుస ఆగిపోయి, బోర్డు మీద సుద్దముక్క ఒక్కటే వినపడుతోంది.

అనసూర్య మూడో బెంచీలో ఉంది. తలకేమీ కాలేదు. జడలు కూడా చెదరలేదు. రాధాబాయి ఆమెని తలనుంచి మోకాళ్లదాకా, మోకాళ్లనుంచి మళ్లీ తలదాకా చూసుకుంది. పక్కనున్న పిల్ల అనసూర్య చెవిలో, మీ ఇంటోళ్లా అని అడగడం ఆ నిశ్శబ్దంలో కిటికీ దాకా వినబడింది. అనసూర్య కిటికీలోని రెండు తెల్ల ముఖాల్ని చాలాసేపు పరీక్షగా చూసింది.

"కాదు," అంది. అని బెంచీ మీద స్నేహితురాలి వైపు జరిగింది.

కన్యక ముఖం తుడుచుకోవడానికి కొంగు ఎత్తింది. రాధాబాయి ఆ చెయ్యి పట్టుకుని కిందికి దించింది.

"తుడువకు," అంది మెల్లగా. "గుర్తువడితె ఇంటికొస్త అంటది. ఇయ్యాల ఆ ఇంటికి వద్దు."